చోక్ 250, బల్బు 400: కుదురుతుందా?

ప్రశ్న: గదిలో టమాటా, మిరప నారు పెంచడానికి 400 వాట్ల సోడియం బల్బు కొన్నాను. పాత ఫిట్టింగ్‌లో చోక్ మీద 250 అని ఉంది. బల్బు వెలుగుతోంది కానీ మసకగా ఉంది. ఇలాగే వాడొచ్చా?

జవాబు: వాడకండి. 250, 400 వాట్ల బల్బులు రెండూ ఒకే పెద్ద హోల్డర్‌లో బిగుస్తాయి. పొరపాటంతా అక్కడే. బల్బులోకి ఎంత కరెంటు వెళ్లాలో నిర్ణయించేది చోక్. 250 చోక్ సుమారు 3 ఆంపియర్లే ఇస్తుంది; మీ బల్బుకు దాదాపు 4.6 కావాలి. అందుకే లోపలి ఆర్క్ గొట్టం (వెలుగు పుట్టే గొట్టం) సరిగా వేడెక్కక వెలుతురు తగ్గుతుంది, మినుకుమినుకుమంటుంది. నారు సన్నగా సాగిపోతుంది.

దీనికి తిరగేసి చేస్తే, అంటే 400 చోక్‌కు 250 బల్బు పెడితే ఇంకా ప్రమాదం. కరెంటు మోతాదు మించి గొట్టం విపరీతంగా కాలి, త్వరగా నల్లబడుతుంది, పగలనూవచ్చు.

చౌకైన దారి 250 వాట్ల సోడియం బల్బు కొనడమే. 400 బల్బే కావాలంటే చోక్ ఒక్కటే మార్చితే చాలదు. ఇగ్నైటర్ (బల్బును మొదట వెలిగించే భాగం), కెపాసిటర్ కూడా దానికి తగినవే ఉండాలి. చోక్ లేబుల్ మీద వాట్లతోపాటు బల్బు రకమూ చూడండి: సోడియమా, మెటల్ హాలైడా అని. వాట్లు ఒకటే అయినా రెండింటి కరెంటు ఒకటి కాకపోవచ్చు. చోక్ బదులు వాడే ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్ అయితే నాబ్‌ను బల్బు వాట్ల దగ్గరే ఉంచండి.

విప్పేముందు మెయిన్ ఆపి, బల్బు చల్లారనివ్వండి. కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు, దాన్ని ఎలక్ట్రీషియన్‌తోనే తీయించండి.