ధ్యానానికి కూర్చుంటే గదిలో కిటికీయే గుర్తొస్తోంది

ప్రశ్న: నా వయసు 34. మాది హిందూపురం. బెంగళూరులో తొమ్మిదేళ్ళు అకౌంట్స్ ఉద్యోగం చేశాను. దొడ్డబళ్ళాపుర దగ్గర ఒక ధ్యానకేంద్రంలో రెండు శిబిరాలకు వెళ్ళి, ఆ ప్రశాంతత నచ్చి, మూడు నెలల క్రితం ఉద్యోగం మానేసి అక్కడే పనికి చేరాను. గది, భోజనం వాళ్ళవే, చేతికి కొంత ఇస్తారు. ఆఫీసు పనన్నారు, శిబిరం రోజుల్లో వంటింట్లో గిన్నెలు కూడా నావే. నా గదిలో ఉండే ఆవిడకు అరవై దాటాయి. మూడున్నరకే అలారం, కిటికీ తెరవనివ్వరు. రాత్రి పదింటికి పాత ఆఫీసు ఫ్రెండ్‌తో మాట్లాడితే విసుక్కుంటారు. అమ్మేమో ‘సన్యాసుల్లో కలిశావా’ అని ఏడుస్తోంది. ఇంత కోపం వస్తోందంటే, నేను ఈ చోటికి తగనా?

జవాబు: ఇక్కడ కుదించాం గానీ, మీ ఉత్తరంలో కిటికీ గురించే ఒక పేజీ ఉందమ్మా. నవ్వడానికి చెప్పడం లేదు. అసలు బాధ అక్కడే ఉంది.

శిబిరానికి వెళ్ళినప్పుడు మీరు అతిథి. గంట కొడితే భోజనం, మీ కంచం తప్ప కడిగే పని లేదు. ఇప్పుడు గంట కొట్టేవాళ్ళలో మీరూ ఒకరు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళకీ పెళ్ళి చేసేవాళ్ళకీ ఉన్నంత తేడా. కొత్త ఉద్యోగం, కొత్త ఇల్లు ఒకేసారి వస్తే ఎవరికైనా చిరాకే. ధ్యానకేంద్రం కాబట్టి చిరాకు పడకూడదని మీమీద మీరే ఇంకో బరువు పెట్టుకున్నారు.

చదువయ్యాక నేనూ ఏడాదిన్నర ఒక సేవాసంస్థ హాస్టల్లో ఉన్నాను. మా గొడవ తడి తువ్వాలు గురించి. పక్క మంచం ఆవిడ నా మంచం కమ్మీ మీద ఆరేసేది. నెల్లాళ్ళు మూతి ముడుచుకుని తిరిగి, ఆఖరికి నేనే ఒక నైలాన్ తాడు, రెండు మేకులు కొనుక్కొచ్చాను. అంతటితో పోయింది. ఆ నెల్లాళ్ళ నిద్ర మాత్రం తిరిగిరాలేదనుకోండి.

మీ కిటికీ ఆవిడ మంచం వైపు ఉందని రాశారు. తెల్లవారుజామున ఆ చలిగాలి తిన్నగా తలకు తగిలితే ఆ వయసులో ఎవరు ఓర్చుకుంటారు? మంచాలు మార్చుకోండి. అలారాన్ని వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద ఉంచుకోమని అడగండి. మీరు ఫోన్ వరండాలో మాట్లాడండి. తొమ్మిదింటికే పడుకునే ఆవిడకు మీ కబుర్లు కూడా అలారమే.

పని విషయం అంత తేలిక కాదు. ‘సేవ’ అన్న మాట ముందు కాదనడం పాపంలా ఉంటుంది. ఇలాంటి చోట్ల మంచివాళ్ళే ఎక్కువగా అలిసిపోతారని నా అనుభవం. తొమ్మిదేళ్ళు ఊరందరి లెక్కలు రాశారు, మీ గంటల లెక్క రాయలేరా? రెండు వారాలు ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయింది, ఏం చేశారు, రాసిపెట్టండి. ఆ కాగితంతో మేనేజర్ దగ్గరికెళ్ళి రెండే అడగండి: వారానికి ఒక సెలవు ఖాయంగా, గిన్నెల పనికి వంతులు. అందులో ఏడుపూ వద్దు, ఆధ్యాత్మికతా వద్దు.

మీరు రాయని సంగతి ఒకటుంది. ఉద్యోగం మానగానే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా మామూలుగా పోతుంది. సొంతంగా పాలసీ లేకపోతే ఇప్పుడే తీసుకోండి. పీఎఫ్ డబ్బు మాత్రం కదపకండి, మీ వయసుకి దానిమీద ఇంకా వడ్డీ పడుతూనే ఉంటుంది.

అమ్మగారికి ఫోన్లో ఎంత చెప్పినా నమ్మరు. యలహంక నుంచి దొడ్డబళ్ళాపుర మీదుగా హిందూపురానికి ఒకటే రైలు మార్గం. సెలవు రోజున మీరు వెళ్ళండి, లేదా ఆవిడనే ఒక పూట రప్పించండి. ఆ వంటిల్లు, మీ మంచం, మీ పక్కన అరవై ఏళ్ళ మనిషి, అన్నీ కళ్ళతో చూస్తే సగం భయం పోతుంది. ఇద్దరు పెద్దవాళ్ళు కలిసి మిమ్మల్నే తిట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

తగరని తేల్చడానికి మూడు నెలలు చాలవు. శిబిరం లేని రోజుల్లో, జనం లేనప్పుడు, ఆ చోటు మీకు నచ్చుతోందా? అది గమనించండి. వారానికో సెలవు కూడా ఇవ్వలేమంటే మాత్రం మొహమాటపడకుండా వచ్చేయండి. ఏడాదికి రెండుసార్లు అతిథిగా వెళ్ళడం తక్కువేం కాదు.

మంచాల మాట ఈ వారమే కదపండి. తెల్లవారుజామున కాదు, సాయంత్రం ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు.