‘వంట మనమే చేసుకోవచ్చు’ అంటే ఎవరు?

ప్రశ్న: మేడమ్, మాది కూకట్‌పల్లి. మా ఆడపడుచు ఇద్దరు పిల్లలతో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. అక్కడ వాళ్లు ఏటా ఒక వారం ‘హాలిడే పార్క్’లో గడుపుతారట. ఊరికి దూరంగా పొలాల మధ్య చిన్న చిన్న ఇళ్లు, ఈతకొలను, పిల్లలు ఆడుకునే జాగా, అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయట. ఇక్కడ కూడా అలాంటి చోట రెండు రోజులు ఉందామంటోంది. మావారు శంకర్‌పల్లి వైపు ఒక ఫామ్‌హౌస్ చూసి వచ్చారు. ఇల్లంతా మనకే, స్విమ్మింగ్ పూల్ ఉంది, వంట మనమే చేసుకోవచ్చు, రిసార్ట్ కన్నా చవక అంటున్నారు. మేం మొత్తం పదకొండు మందిమి. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. అందరికన్నా చిన్నవాడికి నాలుగేళ్లు. ఫామ్‌హౌస్ తీసుకోమంటారా, రిసార్ట్‌కి పొమ్మంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘వంట మనమే చేసుకోవచ్చు’ అన్నచోట ఆగి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. మనమే అంటే ఎవరు? మీవారా?

ఆ హాలిడే పార్కుల సంగతి నాకూ కొంచెం తెలుసు. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక వారం ఉన్నాం. అక్కడి చిన్న ఇంటిని కారవాన్ అంటారు, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే బండి ఇల్లు, కానీ అది కదలదు. అడుగున చక్రాలుంటాయి, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పడక గదిలో ఒకరు తలుపు తీయాలంటే ఇంకొకరు మంచం ఎక్కాలి. చిన్న వంటగది, గ్యాస్ సిలిండర్ బయట. మొదటిరోజే పప్పుకి పోపు పెట్టాను. ఎండుమిర్చి నూనెలో పడిందో లేదో, నెత్తిమీద పొగ అలారం కుయ్యోమని మొదలైంది. మా అల్లుడు కుర్చీ ఎక్కి టవల్‌తో దాన్ని విసురుతున్నాడు, నేను మూకుడు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను, పక్క కారవాన్ పెద్దాయన కుక్కతో సహా బయటికొచ్చి చూస్తున్నాడు. మిగిలిన ఆరు రోజులూ పోపు లేని పప్పే తిన్నాం. పిల్లలకి మాత్రం స్వర్గం. బయట వాన కురుస్తున్నా పైకప్పున్న కొలనులో ఈదారు, కార్ల భయం లేకుండా సైకిళ్లు తొక్కారు. నేనూ మా అమ్మాయీ ఇంట్లో చేసే పనే అక్కడ ఇరుకులో చేశాం, అంతే.

తమాషా ఏమిటంటే, ఆ దేశంలో ఇలాంటి విడిదికి పేరు తెచ్చిన బిల్లీ బట్లిన్ అనే ఆయన 1936లో స్కెగ్‌నెస్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో మొదటి క్యాంప్ తెరిచినప్పుడు మూడు పూటలా భోజనం వాళ్లే పెట్టేవారు. కట్టిన డబ్బులోనే తిండీ, ఆటలూ అన్నీ. అక్కడ ‘సెల్ఫ్ కేటరింగ్’, అంటే ఎవరి వంట వాళ్లే చేసుకోవడం, తర్వాత వచ్చింది. మీవారు ఆ రెండోదాన్నే పట్టుకున్నారు.

కాబట్టి నా ఓటు వండి పెట్టే చోటికే. పదకొండు మందికి రెండు రోజుల వంట అంటే కుక్కర్లు, పప్పులు, అల్లం వెల్లుల్లి ముద్దతో సహా మోసుకెళ్లడం. మీరూ మీ ఆడపడుచూ పూల్ వైపు కిటికీలోంచి చూడటమే అవుతుంది.

రెండో కారణం నీళ్లు. నాలుగేళ్ల కిందట మేం పద్నాలుగు మందిమి చేవెళ్ల వైపు ఒక ఫామ్‌హౌస్ తీసుకున్నాం. ఫొటోల్లో పూల్ నీలంగా మెరుస్తోంది. వెళ్లేసరికి సగమే ఉంది. ఓనర్‌కి ఫోన్ చేస్తే మోటార్ వేయించాడు. బోరు నీళ్లన్నీ పూల్‌కి పోయి పన్నెండింటికల్లా పైన ట్యాంక్ ఖాళీ అయింది, ఆపైన కరెంటు పోయింది. మా మరిది పూల్‌లోంచి బకెట్లతో తోడి బాత్రూములకి మోశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన్ని ‘భగీరథుడు’ అనే పిలుస్తున్నాం. జనరేటర్ ఉందన్నారు కదా అని అడిగితే, డీజిల్ లేదన్నాడు వాచ్‌మన్.

ఎక్కడికి అంటారా? మీరు పదకొండు మంది, అందులో పెద్దావిడ, చిన్నవాడు. రెండు గంటలకి మించి కారులో కూర్చోబెట్టకండి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు సరిపోతాయి. సుమారు 80 కిలోమీటర్లు. రాష్ట్ర పర్యాటక సంస్థ వాళ్ల హరిత రిసార్ట్ అక్కడుంది, వండి పెట్టే రెస్టారెంట్ ఉంది. ప్రైవేటు రిసార్టులు కూడా చుట్టుపక్కల బోలెడు. అత్తయ్యగారికి అనంతపద్మనాభ స్వామి దర్శనం అవుతుంది. మన మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. నాగోల్ దగ్గర ముక్కు మూసుకుని దాటే నదికి అలాంటి పుట్టిల్లు ఉందని పిల్లలకి చూపించండి. ట్రాఫిక్ అంటే భయమైతే లింగంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. ఇంగ్లండ్ పిల్లలకి రిసార్ట్ కన్నా ఆ రైలే ఎక్కువ గుర్తుండొచ్చు. గుడి దగ్గర కోతులుంటాయి, చేతిలో అరటిపళ్లు, చిప్స్ ప్యాకెట్లు పట్టుకుని దిగకండి.

బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి. రిసెప్షన్‌లో అమ్మాయి అన్నిటికీ ‘ఉంది మేడమ్’ అంటుంది కాబట్టి ఉందా లేదా అని అడగొద్దు, ఎంత అని అడగండి. కింది అంతస్తు గదికి ఎన్ని మెట్లు? గది నుంచి భోజనశాలకి ఎంత నడవాలి? చాలా రిసార్టుల్లో కాటేజీలు కొండమీద, డైనింగ్ హాల్ కింద ఉంటుంది. అత్తయ్యగారి మోకాళ్లకి అదే శిక్ష. వెస్టర్న్ కమోడ్ ఉంటే సరిపోదు, పక్కన పట్టుకుని లేవడానికి ఆసరా ఉండాలి. లేదంటే ఒక ప్లాస్టిక్ కుర్చీ బాత్రూంలో వేయించమనండి. పిల్లలకి ఎన్నేళ్ల నుంచి అదనపు చార్జీ? చాలాచోట్ల అయిదు దాటితే తీసుకుంటారు, ఆ సంగతి గేటు దగ్గర తెలిస్తే మీవారికి బీపీ.

బిల్లు మాట కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయలు, అంతకన్నా తక్కువ అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. గది 7,600 అంటే, ఆ వందకోసం పన్ను ఎక్కడికో పోతుంది, బేరం ఆడండి. భోజనం బిల్లులో అడక్కుండానే సర్వీస్ చార్జ్ వేస్తే తీసేయమని చెప్పొచ్చు. బలవంతంగా వేయకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది.

ఇక పూల్. పదకొండు మంది చుట్టూ ఉంటే పిల్లాడు భద్రంగా ఉన్నట్టే అనుకుంటాం. పెద్దనాన్న చూస్తున్నాడని బాబాయి, బాబాయి చూస్తున్నాడని అమ్మ. మునిగే పిల్లలు సినిమాలోలా అరవరు, చేతులు కొట్టరు, చప్పుడు లేకుండా కిందికి పోతారు. అందుకే అరగంటకి ఒకరి పేరు చెప్పి డ్యూటీ వేయండి. ఆ అరగంటా ఫోన్ ఆ మనిషి చేతిలో ఉండకూడదు, నాలుగేళ్లవాడికి చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ సూట్లు ఇక్కడినుంచే పట్టుకెళ్లండి. అక్కడ అద్దెకిచ్చే వాటి వాసన నేను మళ్లీ భరించలేను.

రాత్రి మాట చెప్పక తప్పదు. పొలాల మధ్య పాములుంటాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. ‘పిల్లలంతా కింద వరసగా పడుకుంటారు, సరదాగా ఉంటుంది’ అనే మాట అక్కడ వద్దు. ఎక్స్‌ట్రా మంచాలు అడగండి. దోమతెర పట్టుకెళ్లి అంచులు పరుపు కిందికి దోపండి. చెప్పులు దులిపి వేసుకోండి, టార్చ్ లేకుండా గడప దాటొద్దు. కాటు వేస్తే కోయడం, తాడు బిగించడం, నాటు వైద్యం ఏదీ వద్దు. కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. అది ఎక్కడుందో దిగిన రోజే వాచ్‌మన్‌ని అడిగి పెట్టుకోండి.

ఇంత చెప్పినా మీవారు ఫామ్‌హౌసే అంటే, ఒక షరతు మీద ఒప్పుకోండి. ఆ ఊళ్లోనే వంటమనిషిని మాట్లాడాలి. చాలాచోట్ల వాచ్‌మన్ భార్యే జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు చేసిపెడుతుంది. మీ అత్తయ్యగారికి ఆ రొట్టె నచ్చకపోతే నన్ను అడగండి. డబ్బులు ఓనర్ ద్వారా కాకుండా ఆవిడ చేతికే ఇవ్వండి. డిపాజిట్ కట్టేముందు గదులన్నీ వీడియో తీసి ఓనర్‌కి పంపండి. పగిలిన అద్దం మీరే పగలగొట్టారనడానికి అవకాశం ఉండదు.

ప్రశ్న: మే నెలలో సెలవులు. వికారాబాద్ అడవి చూడ్డానికి బాగుంటుందా?
– మల్కాజ్‌గిరి నుంచి ఒక తండ్రి

జవాబు: బాగుండదు. ఆకురాలిన చెట్లు, ఎర్రమట్టి, మధ్యాహ్నం అంతా ఏసీ గదిలోనే. ఆ గది మీ ఇంట్లోనూ ఉంది. జులై నుంచి జనవరి లోపు వెళ్లండి. డిసెంబరులో పొద్దున్నే మంచు పడుతుంది, స్వెటర్లు కావాలి. మేలోనే తప్పదంటే తాటిముంజలు దొరికే కాలం అది. రోడ్డు పక్కన ఆగి గెల కొట్టించుకుని తిని, సాయంత్రానికి ఇల్లు చేరండి.

ప్రశ్న: రిసార్ట్ వాళ్లు అడ్వాన్స్ తీసుకున్నాక ఫొటోల్లో చూపించిన గది కాకుండా వేరేది ఇచ్చారు. డబ్బు వెనక్కి ఇవ్వం అంటున్నారు. ఏం చేయాలి?
– దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

జవాబు: ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడొచ్చు. బుకింగ్ మెసేజ్, వాళ్ల ప్రకటన ఫొటో, మీకిచ్చిన గది ఫొటో, మూడూ దాచండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరు కట్టింది అయిదు లక్షల లోపే కాబట్టి ఫిర్యాదుకి ఫీజు ఉండదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. గదిలో రాత్రి ఉండి, టిఫిన్ తిని, సంతకం పెట్టి వచ్చారా లేక అప్పుడే అభ్యంతరం చెప్పారా అన్నది మీరు రాయలేదు. చెప్పి ఉంటే అది ఏ రూపంలో ఉందో, వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో, అది కూడా జత చేయండి.