కందిరీగల మీద చదువుకు ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె. నిమ్మతోట ఉంది. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ట్రైగొనాలిడే అనే అరుదైన కందిరీగల మీద పరిశోధన చేస్తానంటోంది. నీట్ ఊసెత్తితే ముఖం ముడుచుకుంటోంది. ఈ చదువు తిండి పెడుతుందా? – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి మనసు దేనిమీద పడిందో ముందు చూడండి. ఈ కందిరీగ ఆకుల మీద వేల కొద్దీ సన్నని గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆకుతోపాటు గొంగళిపురుగు మింగితేనే అవి పొదుగుతాయి. పిల్ల పురుగు పేగును తొలుచుకుని ఒంట్లోకి చేరుతుంది. చాలా జాతుల్లో దానికి కావలసింది గొంగళిపురుగు కాదు, ఆ ఒంట్లోనే పెరుగుతున్న మరో పరాన్నజీవి. ఇంత చిక్కైన జీవితం మీద ఆసక్తి పుట్టిన పిల్లను నీట్ కోచింగుకు తోయడం నాకు సమ్మతం కాదు.

అయితే ఈ ఒక్క కందిరీగల కుటుంబం పేరు చెబితే ఉద్యోగం రాదు. బదనికలను, అంటే ఇతర పురుగుల ఒంట్లో పెరిగి వాటిని చంపే కీటకాలను, గుర్తుపట్టే నేర్పుకు మాత్రం విలువ ఉంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి బొప్పాయి, మల్బరీ తోటలను పీల్చేసిన పిండినల్లికి పురుగుమందులతో పగ్గాలు పడలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన అసెరోఫాగస్ పపాయే అనే చిన్న బదనిక దాన్ని అదుపు చేసింది. ఏ పురుగును ఏ బదనిక పట్టుకుంటుందో తెలిసినవారు ఉండబట్టే అది సాధ్యమైంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పని ఇదే.

అందుకే ఈఏపీసెట్ రాయించి, నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేర్పించండి. తిరుపతి వ్యవసాయ కళాశాల మీకు దగ్గరే. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది, భూమి కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఆ డిగ్రీతో వ్యవసాయాధికారి ఉద్యోగానికి పోటీ పడవచ్చు. పరిశోధనే కావాలంటే ఎమ్మెస్సీ ఎంటమాలజీ (కీటక శాస్త్రం), ఆపై పీహెచ్‌డీ. ట్రైగొనాలిడేను అప్పుడు పరిశోధనాంశంగా తీసుకోవచ్చు. సీటు రాకపోతే జువాలజీ డిగ్రీ దారి ఉండనే ఉంది.

ఈలోగా తోటలో ఒక పని అప్పగించండి. పసుపు రంగు ప్లాస్టిక్ పళ్లెంలో నీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బునీరు కలిపి చెట్టు కింద పెట్టమనండి. పసుపు చూసి వాలిన చిన్న బదనికలు మునిగిపోతాయి. మర్నాడు పల్చటి గుడ్డతో వడకట్టి స్పిరిట్ సీసాలో వేయాలి. ట్రైగొనాలిడే దొరకడం కష్టమే కానీ, ఆమె చేయి తిరుగుతుంది. సీసాలో తేదీ, ఊరు, చెట్టు పేరు పెన్సిలుతో రాసిన చీటీ వేయించండి. ఆ చీటీ లేని పురుగును ఏ మ్యూజియమూ తీసుకోదు.