సముద్రం ఒడ్డున గుడారం వేసే ముందు

చిరంజీవి అల్లునికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. సంక్రాంతి సెలవులకు బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కు పోతున్నారని, హైదరాబాద్‌లో క్యారవాన్ అద్దెకు మాట్లాడావని, నీ దోస్తులు రెండు కుటుంబాల వాళ్లు టెంట్లు తెచ్చుకుంటారని చెప్పింది. చాలా సంతోషం. నేను ఇరవై ఆరేళ్లు మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీలో వేసుకొని కాకినాడ రేవుకు తిరిగినవాణ్ని. ఆ ఒడ్డున ఎన్ని రాత్రులు పడుకున్నానో లెక్క లేదు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని రాస్తున్నా.

చోటు వెతికేటప్పుడు అందరూ సముద్రం బాగా కనపడుతుందా లేదా అని చూస్తారు. నువ్వు వేరేది చూడు. అర్ధరాత్రి వాన మొదలైతే, లేదా మీ అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే, ఇక్కడి నుంచి బండి తీసి రోడ్డెక్కగలనా? ఆ చోటైతేనే ఆగు.

ఇది నాకు ఊరికే తెలియలేదు. చాలా ఏళ్ల కిందట మీ అత్తమ్మను, పిల్లలను డీసీఎంలో హంసలదీవికి తీసుకుపోయాను. వాడపల్లిలో మన మూసీని కలుపుకున్న కృష్ణమ్మ సముద్రంలో కలిసేది అక్కడే, అది పిల్లలకు చూపించాలని నా కోరిక. మధ్యాహ్నం చేరేసరికి నీళ్లు బాగా వెనక్కి ఉన్నాయి. ఇసుక చదునుగా, శుభ్రంగా ఉందని నీళ్లకు ముప్పై అడుగుల దూరంలో టార్పాలిన్ కట్టాం. ఆ రోజు పౌర్ణమి. అన్నం తిని నడుం వాల్చామో లేదో, కాళ్ల కింద చల్లగా తగిలింది. లేచి చూస్తే చెప్పులు, గిన్నెలు నీళ్ల మీద తేలుతున్నాయి. చిన్నది నిద్రలోనే తడిసి ముద్దయింది. పిల్లలను ఎత్తుకొని డీసీఎం ఎక్కించి స్టార్ట్ చేస్తే వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. రాత్రంతా క్యాబిన్‌లోనే కూర్చున్నాం. తెల్లారాక పది మంది జాలర్లు తాళ్లు కట్టి లాగారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. వాళ్లు ఆ రోజు నేర్పిందే నీకు ఇప్పుడు చెప్తున్నా.

పోటు రోజుకు రెండు సార్లు వస్తుంది, ఇవాళ వచ్చిన టైముకు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి ఎక్కువ ఎత్తుకు వస్తుంది. క్యాలెండర్ చూసుకొని ఆ రెండు రోజులు తప్పించుకుంటే మంచిది. ఒడ్డుకు పోయాక నీళ్లను కాదు, ఇసుకను చూడు. ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు ఒక గీతలాగా పడి ఉంటాయి. అది నిన్నో మొన్నో పోటు ఆగిన చోటు. ఇంకొంచెం పైకి పోతే వెలిసిపోయిన పాత గీత ఇంకొకటి కనపడుతుంది, అది పెద్ద పోటుది. దాన్ని కూడా దాటి, ఊదారంగు పూల తీగ ఇసుక మీద పాకిన చోటు వచ్చిందాకా నడువు. ఆ తీగ దాటాక, రోడ్డు వైపే టెంట్లు. సముద్రం కొంచెం దూరమైందని పిల్లలు గొడవ చేస్తారు, చేయనీ.

జనవరి ఎంచుకున్నావు, అది మంచి పని. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆ తీరాన్ని నమ్మడానికి లేదు. 1977 నవంబర్‌లో దివిసీమను ఉప్పెన ముంచి పదివేల మందికి పైగా పోయారు. మొన్న 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు అలల హెచ్చరికలు ముందే ఇస్తున్నారు. బయలుదేరే ముందు రోజు, పోయే రోజు పొద్దున వాటిని చూసుకో.

టెంట్ల సంగతికొస్తే, వాటితో వచ్చే మేకులు మన ఎర్రనేలకు పనికొస్తాయి గానీ ఇసుకలో నిలవవు. గాలి లేస్తే ఊడి వస్తాయి. 25 కిలోల ఖాళీ బియ్యం సంచిలో సగం దాకా ఇసుక నింపి, మూతి బిగించి, టెంటు తాడు దాని నడుముకు కట్టి, మోకాలి లోతు గుంత తీసి పూడ్చిపెట్టు. మూలకొకటి చాలు. సరుగుడు తోట పక్కన వేసుకుంటే గాలి ఉధృతి తగ్గుతుంది. కొబ్బరి చెట్ల కింద మాత్రం ఎవరినీ పడుకోనివ్వకు, కాయ పడితే ప్రాణాల మీదికి వస్తుంది. టెంటు జిప్పు పగలైనా సరే తెరిచి పెట్టొద్దు. తోటల్లో పాములు తిరుగుతాయి.

క్యారవాన్‌ను ఇసుక మీదికి దించనే వద్దు. డ్రైవర్ "ఏం కాదు సార్" అన్నా వినకు. దిగి, నేలను మడమతో గట్టిగా తొక్కి చూడు. మడమ దిగబడిందంటే చక్రం కూడా దిగబడుతుంది. గట్టి నేల మీద, మూతి రోడ్డు వైపు పెట్టి ఆపించు. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసుకో, పల్లె రోడ్ల మీద కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. ఏసీ నడవాలంటే 16 ఆంప్స్ సాకెట్ కావాలి. లేకపోతే రాత్రంతా జనరేటర్ మోతలో పక్క టెంట్ల వాళ్లకు నిద్ర ఉండదు. బాత్రూమ్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారో అద్దెకిచ్చిన వాళ్లను ముందే అడుగు. తిరిగొచ్చాక బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించాలి, లేదంటే ఉప్పు ఇనుమును తినేస్తుంది.

సూర్యలంక బాపట్లకు 9 కిలోమీటర్లే. అక్కడ టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది. ఆవరణలో బండి పెట్టుకోనిస్తారా, టెంట్ల వాళ్లు బాత్రూములు వాడుకోవచ్చా అని ఫోన్ చేసి కనుక్కో. ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పులతో మా చెల్లె. రాత్రి పూట వాళ్లు ఎంత దూరం నడవాలి, దారిలో లైటు ఉందా, కమోడ్ ఉందా, ఇవన్నీ చూశాకే అడ్వాన్స్ కట్టు. ఒడ్డు దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఒళ్లు గుల్ల చేసుకున్న జిల్లా మనది, తాగే నీళ్ల గురించి నీకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. మూడు రోజులకు సరిపడా క్యాన్లు వేసుకో.

అక్కడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ కూడా ఉంది, బోర్డులు కనపడిన వైపు పోకండి. జాలర్ల పడవలు దిగే దారికి అడ్డంగా టెంటు వేయొద్దు. ఇంకొకటి, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రి పూట గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. పెద్ద లైట్లు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. ఇసుకలో మంట వేయకుండా, చిన్న టార్చితో సర్దుకోండి. అదృష్టం బాగుంటే పిల్లలకు కనపడుతుంది, దూరం నుంచే చూడమను.

స్నానాలు జనం ఉన్న చోటే, పగటి పూటే, నడుము లోతుకు మించకుండా. చుట్టూ అలలు విరుగుతూ ఒకచోట మాత్రం నీళ్లు నల్లగా, నిమ్మళంగా కనపడితే అక్కడ దిగొద్దు, లోపలికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదొద్దు, పక్కకు ఈది బయటపడాలని అందరికీ ముందే చెప్పు.

సాయంత్రం నాలుగు లోపు చేరేటట్టు బయలుదేరు, వెలుతురు ఉండగానే చోటు చూడాలి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీదే కదా వచ్చేది, మిర్యాలగూడలో ఇంటి దగ్గర ఆగు. పన్నెండు బియ్యం సంచులు, నా పాత లారీ తాడు తీసి పెట్టాను. మీ అత్తమ్మ సకినాలు చేస్తానంటున్నది.

మీ మామయ్య