గ్యారేజీలో మిగిలిన 1932 ఫోర్డు

ప్రశ్న: మా వారు పద్నాలుగేళ్లపాటు సెలవులన్నీ గ్యారేజీలోనే గడిపి, 1932 నాటి ఫోర్డు రోడ్‌స్టరును (పైకప్పు లేని రెండు సీట్ల కారును) హాట్ రాడ్‌గా, అంటే వేగం కోసం మార్చి కట్టిన పాత కారుగా మలిచారు, పాత ఇంజన్ స్థానంలో షెవర్లే 350 బిగించారు. కిందటి ఏడాది ఆయన కాలం చేశారు. కారు నడపడం నాకు గాని పిల్లలకు గాని కుదిరే పని కాదు. పక్కింటాయన 20 వేల డాలర్లు ఇస్తానంటున్నారు. ఇంటర్నెట్‌లో ప్రకటన చూసిన ఒకాయన అంతకు రెట్టింపు మొత్తానికి క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే తన హామీతో రాసిచ్చే చెక్కు) పంపుతానని, బండి తీసుకెళ్లడానికి తన మనుషులే వస్తారని రాశారు. విజయవాడలోని మా తమ్ముడేమో ఇండియాకు పంపమంటున్నాడు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: అమ్మా, ముగ్గురిలో ఎవరికీ ఇప్పుడే సరేనని చెప్పకండి. సామాన్యులకు అందే ధరలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌తో ఫోర్డు 1932లో తెచ్చిన ఈ కార్లనే, దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు మడ్‌గార్డులూ బంపర్లూ ఊడదీసి, ఎండిన సరస్సుల మీద పందేలకు ఉరికించారు. హాట్ రాడ్లలో ‘డ్యూస్’ అని ముద్దుగా పిలిచే ఈ మోడలుకు ఇప్పటికీ గిరాకీ ఉంది. అయితే మీ బండి ధరను తేల్చేది దాని వయసు కాదు. బాడీ ఎక్కడిది, పని ఎంత శుభ్రంగా జరిగింది, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అన్నవే కొనేవాళ్లు చూస్తారు.

బాడీ ఫోర్డు కంపెనీ నాటి ఉక్కు రేకుదైతే ఒక ధర, ఒహాయోలోని బ్రూక్‌విల్ వంటి చోట కొత్తగా అచ్చుపోసిన రేకుదైతే మరొక ధర, ఫైబర్‌గ్లాస్‌దైతే ఇంకా తక్కువ ధర పలుకుతుంది. మెత్తని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింది అంచున ఆనించి చూడండి. అసలు అంటుకోకపోతే అది ఫైబర్‌గ్లాస్ కావచ్చు. ఒకచోట గట్టిగా, మరొకచోట వదులుగా పట్టుకుంటే రంగు కింద పుట్టీ మందంగా ఉందని అర్థం. పాత రేకుకూ కొత్త రేకుకూ తేడా మాత్రం అయస్కాంతం చెప్పలేదు. హాట్ రాడ్లు తెలిసిన అప్రైజర్ (విలువ కట్టే నిపుణుడు) చేత చూపించి, రాతపూర్వకంగా విలువ కట్టించండి. ఆ విలువను మీ వారు పోయిన తేదీకి కట్టించడం మరీ ముఖ్యం, ఎందుకంటే కాలిఫోర్నియాలో దంపతుల ఉమ్మడి ఆస్తి అయితే పన్ను లెక్కకు సాధారణంగా ఆ రోజు విలువే మీ కొనుగోలు ధర అవుతుంది.

ఇక కాగితాలు. 1932 ఫోర్డు వీ8ల అసలు గుర్తింపు సంఖ్య ‘18’తో మొదలవుతుంది, దాన్ని చాసిస్ (కారు కింది ఉక్కు చట్రం) ఎడమ పట్టీ పైభాగాన కొట్టేవారు కనుక అది చాలావరకు బాడీ కింద దాగి ఉంటుంది. టైటిల్ (యాజమాన్య పత్రం) మీది సంఖ్యతో అది సరిపోతోందో లేదో కొనేవాడి కంటే ముందు మీరే చూపించుకోండి. సరిపోకపోతే ప్రకటనలోనే ఆ మాట చెప్పండి. సంఖ్యను చెరిపి మళ్లీ కొట్టిస్తానని ఎవరైనా అంటే అది నేరమని గుర్తుంచుకుని పంపించేయండి. టైటిల్ మీ వారి ఒక్కరి పేరునే ఉంటే, ఆస్తి విలువ పరిమితికి లోబడి ఉండి ప్రొబేట్ కేసు (పోయినవారి ఆస్తిపై కోర్టు విచారణ) లేనప్పుడు, ఆయన పోయిన 40 రోజుల తరువాత డీఎంవీలో (రాష్ట్ర మోటారు వాహనాల శాఖలో) అఫిడవిట్ ఇచ్చి మీ పేరున మార్పించుకోవచ్చు.

రెట్టింపు ఇస్తానన్నవారి సంగతి నాకు ఏమాత్రం నచ్చలేదు. నకిలీ క్యాషియర్స్ చెక్కుకు కూడా బ్యాంకు ఒకటి రెండు రోజుల్లో డబ్బు చూపిస్తుంది. నకిలీ అని వారాల తరువాత బయటపడేసరికి బండి ఉండదు, డబ్బు మీరే తిరిగి కట్టాలి. ఆయన బ్యాంకుకే మీరూ వెళ్లి, మీ కళ్లెదుట చెక్కు రాయించుకోవడానికి ఒప్పుకుంటే సరే, లేకపోతే వదిలేయండి.

మీ తమ్ముడి ఆలోచన ప్రేమతో చెప్పినదే కాని, ఇండియాలో 2021 నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు కావాలంటే 50 ఏళ్లు దాటడం చాలదు. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉండాలి. షెవర్లే ఇంజన్ ఉన్న ఫోర్డుకు అక్కడ ఆ గుర్తింపు దొరకదు. అలాగని పాత ఇంజన్ వెతికి బిగించి ‘అసలు రూపం’ తేబోకండి. ఇక్కడి కొనుగోలుదారు వెతికేది మీ వారి చేతిపనినే.

ఆ పనిని చూపించే రసీదులు, ఫొటోలు గ్యారేజీలో ఏ అట్టపెట్టెలోనో ఉంటాయి. ముందు అవి వెతకండి. పెట్టిన ఖర్చంతా తిరిగి రావడం ఈ బళ్లలో అరుదే అయినా, ప్రతి దశకూ సాక్ష్యం ఉన్న కారుకు బేరం గట్టిగా నిలుస్తుంది. చల్లబడిన ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసే వీడియో, అడుగుభాగం ఫొటోలు, లోపాల దగ్గరి ఫొటోలు చేర్చి, బ్రింగ్ ఎ ట్రెయిలర్ వంటి ఆన్‌లైన్ వేలంలో రిజర్వు ధరతో (అంతకు తగ్గితే అమ్మనక్కర్లేని కనీస ధరతో) పెట్టవచ్చు. వేలం వద్దనుకుంటే, ప్లెజంటన్‌లో జరిగే గుడ్‌గైస్ కార్ల ప్రదర్శనలు మీకు దగ్గరే. తెలిసినవారి సాయంతో బండిని అక్కడ నిలబెడితే కొనేవాళ్లే దాని కింద పడుకుని చూస్తారు. పక్కింటాయనకు అప్రైజర్ కాగితం చూపించి మళ్లీ అడగండి. ఆయన నిజంగా ముచ్చటపడి ఉంటే ధర పెంచుతారు.

అమ్మకం ముగిసిన 5 రోజుల్లోగా డీఎంవీకి యాజమాన్య బదిలీ సమాచారం పంపి, ఆ నకలు దాచుకోండి; అది లేకపోతే కొన్నవారి పార్కింగ్ జరిమానాలు మీ ఇంటికే వస్తాయి.