టీసీ మీద రెడ్ ఇంకు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పీహెచ్‌డీ సినాప్సిస్ రెండుసార్లు చదివాను. విజయవాడలో బడి నుంచి వెళ్లగొట్టిన పిల్లలకూ పోలీసు కేసులకూ మధ్య దారి ఎలా పడుతుందో చూస్తానన్నావు. మంచి పని. కానీ రెండో పేజీలో 'బహిష్కరణకు గురైన విద్యార్థుల జాబితా డీఈఓ కార్యాలయం నుంచి సేకరించబడును' అని రాశావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. అలాంటి జాబితా కోసం వెళ్తే అటెండరు కూడా నిన్ను వింతగా చూస్తాడు. మన దగ్గర ఎవరినీ బడి నుంచి తీసెయ్యరమ్మా. అందరూ వాళ్లంతట వాళ్లే టీసీ తీసుకుని వెళ్లిపోతారు.

నవ్వాను గానీ, ఈ గోతిలో నీకంటే ముందు పడింది నేనే. 1994లో, పాత 1986 బాలల న్యాయ చట్టం నడుస్తున్న రోజుల్లో, కేసుల్లో చిక్కుకుని హోంలో ఉన్న మగపిల్లలతో మాట్లాడి రాసుకునేదాన్ని. ఒక పద్నాలుగేళ్ల వాడిని అడిగాను, "నిన్ను బళ్లోంచి ఎందుకు తీసేశారురా?" అని. "తియ్యలేదు మేడం, నేనే మానేశా" అన్నాడు. 'స్వయంగా మానివేత' అన్న గడిలో టిక్కు పెట్టి తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. కొన్ని నెలల తరవాత కృష్ణలంకలో వాళ్లింటికి వెళ్లాను. తల్లి రేకు పెట్టె తెరిచి, పెళ్లి చీర మడతలోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. అందులో టీసీ. ప్రవర్తన దగ్గర 'సంతృప్తికరం' అని ఉంది. "బాగానే రాశారు కదమ్మా, మరెందుకు మానిపించారు?" అన్నాను. "బాగా రాయించుకోడానికే అమ్మా మానిపించాం. మీరుగా తీసుకెళ్తే మంచిగా రాస్తాను, నాచేత తీయిస్తే రెడ్ ఇంకుతో రాస్తాను, ఇంక ఏ బళ్లోనూ చేర్చుకోరు అన్నారు పెద్దసారు" అంది. ఆ రాత్రి ఇంటికొచ్చి నా కాయితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆ గడిలో అంతకుముందు నేను పెట్టిన టిక్కుల్లో ఎన్ని నిజమో ఇప్పటికీ నాకు తెలీదు.

కాబట్టి 'ఎందుకు తీసేశారు', 'ఎందుకు మానేశావు' అన్న రెండు ప్రశ్నలూ నీ ప్రశ్నావళిలోంచి కొట్టెయ్. ఏ బళ్లో చదివావు, ఆ తరవాత ఏ బడి, ఆ రెంటికీ మధ్య ఎన్నాళ్లు ఇంటి దగ్గర ఉన్నావు, ఆ రోజుల్లో పొద్దున లేచి ఎక్కడికెళ్లేవాడివి అని అడుగు. తేదీలు అడక్కు, వాళ్లకు గుర్తుండవు. సంక్రాంతి సెలవులకు ముందా తరవాతా, యార్డుకు మిరపకాయలు రావడం మొదలయ్యాకా అని అడిగితే టక్కున చెప్తారు. ఆ ఖాళీ రోజుల్లోనే నీ పరిశోధన ఉంది.

ఇంకా చిన్న చోటు నుంచి మొదలుపెట్టు. తరగతి బయట నిలబెట్టడం కూడా వెలివేతే. నా లెక్కలో అన్నింటికంటే పెద్ద వెలివేత 'మీ నాన్నను తీసుకొస్తేనే క్లాసులోకి రా' అన్న మాట. చెప్పే మాస్టారికి అది శిక్షలా కూడా అనిపించదు. నాన్న ఆటోనగర్‌లో రోజుకూలీ. బడికొస్తే ఆ రోజు కూలి పోతుంది, పైగా నలుగురిలో తలదించుకోవాలి, ఇంటికొచ్చి కొడుకును చావబాదుతాడు. అందుకని వాడు ఇంట్లో చెప్పడు. పుస్తకాల సంచీ తగిలించుకుని పొద్దున్నే బయల్దేరతాడు, సాయంత్రం బడి వదిలే వేళకు ఇల్లు చేరతాడు. మధ్యలో ఏడు గంటలు రైల్వే స్టేషనూ, కాలవ గట్టూ. ఒకడైతే టీ ఇప్పిస్తానని ఆటో డ్రైవర్ని బాబాయిగా తీసుకొచ్చాడట. ఆ డ్రైవరు పాత్రలో లీనమైపోయి, హెడ్మాస్టరు ముందే వీడికి రెండు తగిలించాడట! ఇది హాజరుపట్టీలో వట్టి 'ఆ'. వరసగా పడితే లాంగ్ ఆబ్సెంట్. అంతకుమించి ఏమీ కనపడదు.

చట్టం సంగతి నీకు తెలుసు గానీ, దాని అంచు ఎక్కడుందో చూశావా? విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పదిహేడో సెక్షను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. పదహారో సెక్షను ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా ఏ పిల్లాడినీ, ఏ పిల్లనూ తీసెయ్యకూడదంటుంది. 2019 సవరణతో అయిదూ ఎనిమిదీ తరగతుల్లో ఫెయిల్ చేసి ఉంచే వీలొచ్చింది గానీ, తియ్యకూడదన్న మాట అలాగే ఉంది. ఎలిమెంటరీ అంటే ఎనిమిది దాకానే. తొమ్మిదిలో అడుగు పెట్టగానే ఆ గొడుగు లేదు. సరిగ్గా అప్పుడే బడికి టెన్త్ రిజల్ట్ బెంగ మొదలవుతుంది. ఫ్లెక్సీ మీద నూటికి నూరు శాతం వేయించుకోవాలంటే వెనకబెంచీ వాళ్లను తొమ్మిదిలోనే సాగనంపాలి. కాబట్టి తొమ్మిదో తరగతి అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకంలో మిగిలిన కౌంటర్‌ఫాయిళ్లు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఏ నెలలో టీసీలు గుంపుగా పోయాయో చూడు. ఇంగ్లండులో దీన్ని ఆఫ్‌రోలింగ్ అంటారు, తనిఖీ అధికారులు దానికి నిర్వచనం కూడా రాసుకున్నారు. మనకింకా పేరు కూడా లేదు.

కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోంకి వెళ్లే ముందు ఇంకో పని. జువైనల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం, పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకొచ్చిన ప్రతి పిల్లాడి గురించీ పదిహేను రోజుల్లో సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు, అంటే వాడి ఇల్లూ బడీ పరిస్థితుల మీద ప్రొబేషన్ ఆఫీసరు రాసే నివేదిక, రావాలి. దాని నమూనా 2016 నిబంధనల్లోని ఫారం 6. అందులో బడి మానడానికి కారణం అని ఒక వరస ఉంటుంది. ఫెయిలవడం, ఆసక్తి లేకపోవడం, టీచర్ల నిర్లక్ష్యం, తోటిపిల్లల ఏడిపింపు, బళ్లో అవమానం, దెబ్బలు, బోధనా మాధ్యమం... చదువుతుంటే ఎవరో మనసున్న మనిషే రాశారనిపిస్తుంది. నేను బోర్డులో సభ్యురాలిగా కూర్చున్న మూడేళ్లలో నా చేతికొచ్చిన వాటిలో ఎక్కువ టిక్కులు 'ఆసక్తి లేకపోవడం' దగ్గరే ఉండేవి. ప్రొబేషన్ ఆఫీసర్లు చెడ్డవాళ్లని కాదు. ఒక్కరి నెత్తిన అన్ని కేసులు, ఎదురుగా నోరు విప్పని పిల్లాడు, పక్కన 'వీడికి చదువు ఎక్కదండీ' అంటున్న తండ్రి. నింపిన రిపోర్టులు రహస్యం, తొంభై తొమ్మిదో సెక్షను. అవి అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టకు. ఖాళీ ఫారం పట్టుకెళ్లి, ఈ టిక్కు ఎలా పెడతారో చెప్పండి అని అడుగు. గంటసేపు మాట్లాడతారు.

బయటి దేశాల అధ్యయనాలు చదవడం మానకు, మన మీద అతికించకు. టెక్సస్‌లో దాదాపు పది లక్షల మంది విద్యార్థుల రికార్డులు చూసి 2011లో ఒక నివేదిక ఇచ్చారు. ఏడు నుంచి పన్నెండో తరగతి లోపు నూటికి దాదాపు అరవై మంది ఒక్కసారైనా సస్పెండో బహిష్కరణో అయ్యారు. బడి తన ఇష్టం మీద వేసిన అలాంటి శిక్ష పడినవాడు మరుసటి ఏడు బాలల న్యాయవ్యవస్థ గడప తొక్కే అవకాశం మూడు రెట్ల దాకా ఎక్కువ. ఎడిన్‌బరోలో సుమారు 4,300 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించినవాళ్లూ చిన్న వయసులో బడి వెళ్లగొట్టడానికీ తరవాతి జైలుకూ గట్టి ముడి ఉందనే చెప్పారు. కానీ వాళ్ల దగ్గర ప్రతి సస్పెన్షనూ కాయితం మీద ఉంది. మన దగ్గర బడికీ పోలీసు స్టేషనుకూ మధ్య ఒక మెకానిక్ షెడ్డో, కేటరింగ్ పనో, గంజాయి పొట్లమో ఉంటుంది. ఆ మధ్య మెట్టు వదిలేసి 'బడి నుంచి జైలుకు గొట్టం' అని శీర్షిక పెట్టావంటే నేనే ఎర్ర పెన్ను తీస్తాను.

పేర్ల విషయంలో మరీ జాగ్రత్త. బ్లేడ్లు పట్టుకు తిరిగే కుర్రాళ్లను పేపర్లు బ్లేడ్ బ్యాచ్ అని రాస్తాయి, నువ్వు రాయకు. 'బాల నేరస్తుడు' అసలే వద్దు. మనకు ఇది కొత్త కాదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో ఎరుకల వాళ్ల కోసం పెట్టిన సెటిల్మెంటు. ఒక కులం మొత్తాన్నీ పుట్టుకతోనే నేరస్తులన్న చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి మొహంలో వచ్చే మార్పు మాత్రం రద్దు కాలేదు. జువైనల్ జస్టిస్ చట్టం డెబ్బై నాలుగో సెక్షను పిల్లాడి గుర్తింపు బయటపెట్టకూడదంటుంది. పేరు మారిస్తే చాలదు. రాజరాజేశ్వరిపేటలో ఫలానా సందు, తండ్రి ఫలానా పని అని రాస్తే పేట పేటంతా పోల్చుకుంటుంది. సందులు కలిపెయ్, పనులు మార్చెయ్.

ఇంకోటి, ఇది వాయిదా వెయ్యకు. 'నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను' అని ఏ పిల్లాడికీ, ఏ పిల్లకూ మాటివ్వకు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం పంతొమ్మిదో సెక్షను ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, పరిశోధకురాలివైనా సరే. ఆ సంగతి మొదటి అయిదు నిమిషాల్లోనే వాళ్లకర్థమయ్యే మాటల్లో చెప్పు. తరవాత ఏం చెప్పాలో వాళ్లే తేల్చుకుంటారు.

ఆడపిల్లల గురించి సినాప్సిస్‌లో ఒక్క వాక్యమే ఉంది. బడి మానిన ఆడపిల్ల బోర్డు ముందు తక్కువగా కనపడుతుంది, పెళ్లిపీటల మీద ఎక్కువ కనపడుతుంది. ఈ థీసిస్‌లో పట్టదనుకుంటే ఆ మాటే రాసి వదిలెయ్, అరకొరగా ముట్టుకోవద్దు.

టీచర్ల దగ్గరకు నేరం మోపేదానిలా వెళ్లకు. మీ నాన్నా మాస్టారే కదా, గోడకుర్చీ వేయించకుండానే ముప్పై ఏళ్లు నెగ్గుకొచ్చాడా అడుగు. భోజనం గంటలో వెళ్లు, బాక్సు తీసుకెళ్లు, శిక్షల గురించి అడక్కు. చేజారిపోయాడని ఇప్పటికీ బాధపడే పిల్లాడెవరైనా ఉన్నాడా అని అడుగు. ప్రతి మాస్టారికీ ఒకడుంటాడు. ఆ ఒక్కడి గురించి చెప్తూ మిగతాదంతా వాళ్లే చెప్పేస్తారు.

వచ్చేవారం బుధ, గురువారాల్లో ఏ రోజైనా రా. అటక మీద నా పాత నోటుబుక్కులున్నాయి, నిచ్చెనెక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. పేర్లున్న పేజీలు ముందు నేను చింపేస్తాను, మిగతావి నీకు. ఆ తప్పు టిక్కులు మాత్రం అలాగే ఉంచాను. ఫారం 6 ఖాళీ కాపీ ప్రింటు తీసుకురా, మర్చిపోకు.

పెద్దమ్మ