దసరా నుంచి కార్తీకం దాకా ఊపిరాడని ఖర్చులు, చేతిలో 30,000 బోనస్: ముందు ఏది?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో అద్దెకుంటున్నాం. నేను రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో ఏడేళ్లుగా పనిచేస్తున్నా, చేతికి 31,000 వస్తుంది. మావారు టూవీలర్ షోరూంలో సేల్స్, 27,000. పాపకు నాలుగేళ్లు, ఎల్‌కేజీ. మామూలు నెలల్లో ఎలాగో సర్దుకుపోతాం కానీ సెప్టెంబర్ వచ్చిందంటే మూడు నెలలు ఊపిరాడదు. బ్రహ్మోత్సవాలకు చుట్టాలు, స్కూల్ రెండో టర్మ్ ఫీజు, దసరా సెలవుల్లో పాపను ఎవరు చూస్తారనే టెన్షన్, అంతలో వానలు, పాపకు జ్వరం, ఆ వెనకే దీపావళి. క్రెడిట్ కార్డు మీద 46,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నా. ఇప్పుడు 30,000 బోనస్ వచ్చింది. మావారికి పండగ ఇన్సెంటివ్ వచ్చే నెల ఒక 15,000 దాకా రావచ్చు. వాషింగ్ మెషీన్, తనకో ఫోన్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామంటున్నారు. బీమా ఏజెంటుగా చేసే మా పిన్ని పాప పేరు మీద ఏడాదికి 24,000 కట్టే పాలసీ చేయమంటోంది. నా జీతమంతా పాపను చూసుకునే ఖర్చుకే పోతోంది, ఒకటో తరగతికి వచ్చేదాకా ఉద్యోగం మానేస్తే నయమేమో అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన ఖర్చుల కాగితం, కార్డు స్టేట్‌మెంట్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మీ ఇంట్లో దుబారా లేదు, ఆ మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఉత్తరమంతా మీరు ఏదో తప్పు చేసినట్టే రాశారు. ఏడాదిలో తొమ్మిది నెలలు ఒక తీరు, మూడు నెలలు ఇంకో తీరు ఉన్న ఇంటికి మీరు పన్నెండు నెలలూ ఒకే బడ్జెట్ వేస్తున్నారు, ఇబ్బందంతా అక్కడే వస్తోంది.

ముందు కార్డు సంగతి. బాకీ 46,000. మీ స్టేట్‌మెంట్ కింద చిన్న అక్షరాల్లో నెలకు 3.5 శాతం వడ్డీ అని ఉంది చూడండి. అంటే నెలకు 1,610 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 290 దాకా. రెండూ కలిపి 1,900. మీరు నెలనెలా కడుతున్న మినిమమ్ 2,300. అందులో 1,900 వడ్డీకి, పన్నుకే పోతే అసలులో తగ్గేది 400. మీరు ఎంత క్రమం తప్పకుండా కట్టినా బాకీ కదలకపోవడానికి కారణం ఇదే. దానికి తోడు పాత బాకీ ఉన్నంతకాలం మామూలుగా దొరికే వడ్డీ లేని గడువు ఉండదు, కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, అంటే దసరాకి పాపకు కార్డు మీద తీసిన గౌనుకు కూడా మీరు వడ్డీ కడుతున్నారు. అందుకే బోనస్ 30,000 మొత్తం ఈ వారమే కార్డుకు కట్టేయండి. కొంచెం అటు, కొంచెం ఇటు అని పంచొద్దు. ఏ బ్యాంకు డిపాజిట్టూ, ఏ పాలసీ కూడా ఏడాదికి 40 శాతం దాటే వడ్డీని మించి సంపాదించి పెట్టదు.

మిగిలేది 16,000. పోయినేడు పాడుకున్న చీటీ ఈ నెలతో అయిపోయిందని రాశారు కదా, ఆ కట్టుబడి 2,500, ఇప్పుడు కడుతున్న మినిమమ్ 2,300, రెండూ కలిపి 4,800 నవంబర్ నుంచి కార్డుకే కట్టండి. వడ్డీతో సహా లెక్క వేశాను, ఫిబ్రవరిలో బాకీ తీరిపోతుంది. అప్పటిదాకా కార్డును పర్సులోంచి తీసి బీరువాలో పెట్టండి, ఫోన్లో షాపింగ్ యాప్‌లలో సేవ్ అయి ఉన్న కార్డు వివరాలు కూడా తీసేయండి.

ఇక ఆ మూడు నెలలు. మీ కాగితం ప్రకారం రెండో టర్మ్ ఫీజు 9,000, చుట్టాలు వచ్చినప్పుడు సరుకులు, పాలు, ఆటోలు 6,500, దసరా సెలవుల్లో పాపను చూసుకున్నామెకు అదనంగా ఇచ్చిందీ, మీకు జీతం కోసిన రెండు రోజులూ కలిపి 4,500, జ్వరాలకు డాక్టరు, టెస్టులు, మందులు 3,800, నలుగురికి బట్టలు 7,500, దీపావళి టపాసులు, స్వీట్లు 2,500. మొత్తం 33,800. వీటిలో అనుకోకుండా వచ్చి పడింది ఏది చెప్పండి? తిరుపతిలో కాపురం పెట్టాక గరుడ సేవకు మనింటికి చుట్టాలు రాకుండా ఉంటారా? వాళ్లకు అన్నం పెట్టి, పెద్దవాళ్లను అలిపిరి దాకా ఆటో ఎక్కించి పంపడం మన ఊళ్లో ఉన్న సంతోషాల్లో ఒకటి, దాన్ని తగ్గించుకోమని నేను చెప్పను. వానలూ అంతే. మన జిల్లాకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే పడుతుంది, 2021 నవంబర్‌లో ఊరు ఎంత మునిగిందో మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ తడి వాతావరణంలో ఎల్‌కేజీ పిల్లకు రెండుసార్లయినా జలుబూ జ్వరమూ రావడం మామూలే. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది, క్లినిక్ ఫీజూ మందుల బిల్లూ మన జేబులోంచే పోతాయి.

కాబట్టి ఈ 33,800ను స్కూల్ ఫీజులాగే ముందే తెలిసిన ఖర్చుగా రాసుకోండి. మార్చి నుంచి కార్డు బాకీ ఉండదు, 4,800 ఖాళీ అవుతుంది, అది ఇంటి ఖర్చులో కలవకముందే బ్యాంకులో ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ, నెలనెలా కొంత కట్టే డిపాజిట్) పెట్టేయండి. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, దీనికి సరిపోదు. జీతం పడిన మర్నాడే డబ్బు దానంతటదే కట్ అయ్యేలా తేదీ పెట్టుకోండి. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు వాయిదాలు, 28,800. సెప్టెంబర్ మొదటి వారంలో అది కొద్దిగా వడ్డీతో చేతికొస్తుంది, ఆ నెల 4,800 ఎలాగూ ఉంటుంది, కలిపితే 33,600. మీ ఖర్చుకు 200 తక్కువ, వచ్చే వడ్డీతో అదీ పూడుతుంది. జీతం పెరగకుండా, ఎవరి దగ్గరా చేయి చాచకుండా వచ్చే దసరా గడుస్తుంది. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ వస్తే దాన్ని మాత్రం అలవాటులో కలుపుకోకుండా ఒక నెల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా విడిగా ఇంకో సేవింగ్స్ ఖాతాలో వేస్తూ రండి.

వాషింగ్ మెషీన్ కొనండి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు పాపను పడుకోబెట్టి యూనిఫాం ఉతుకుతున్నానని, తెల్లారికి ఆరకపోతే ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి తొడుగుతున్నానని రాశారు. వానాకాలమంతా ఇలా చేస్తే మనిషి ఏమవుతుంది? అయితే నో కాస్ట్ ఈఎంఐలో వద్దు. అందులో వడ్డీ ఉంటుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు, కార్డు మీద ఆ వడ్డీకి జీఎస్టీ పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే, పైగా రొక్కం ఇస్తే షాపువాడు తగ్గించే డబ్బు చాలాసార్లు దక్కదు. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇప్పుడే కొనాలని మీవారు అంటున్నారట. 2025 సెప్టెంబర్ 22న పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు, గిన్నెలు కడిగే మెషీన్లకు. వాషింగ్ మెషీన్ మీద పన్ను 2018 నుంచీ 18 శాతమే, ఫోన్ల మీద కూడా 18 శాతమే ఉంది, మారలేదు. తొందరేమీ లేదని ఆయనకు నెమ్మదిగా చెప్పండి. ఇన్సెంటివ్ వచ్చాక అందులో 5,000 పాప జ్వరాలకని పక్కన పెట్టి, మిగతా 10,000కు అటూ ఇటూగా సెమీ ఆటోమేటిక్ మెషీన్ రొక్కానికి తీసుకోండి, అద్దె ఇళ్లలో నీళ్లు వచ్చే తీరుకు అదే అనుకూలం కూడా. ఇన్సెంటివ్ తక్కువొస్తే మెషీన్ ఒక నెల ఆగుతుంది, ఆ 5,000 మాత్రం ముట్టుకోవద్దు. ఫోన్ సంగతి ఫిబ్రవరి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఉద్యోగం మానేసే విషయం చదివినప్పుడు నాకు మనసుకు కష్టమనిపించింది. జీతమంతా పాప ఖర్చుకే పోతోందన్నారు. మీ కాగితంలోనే చూశాను, పాపను చూసుకునే ఆమెకు 4,000, ఆటోకు 1,500, వంట చేసే ఓపిక లేని రోజుల్లో తెప్పించుకునే టిఫిన్లకు 2,500. మొత్తం 8,000. మీ 31,000లోంచి ఇవన్నీ తీసేసినా 23,000 మిగులుతోంది, మానేస్తే ఆ 23,000 ఆగిపోయి అద్దె, ఫీజు, కార్డు అన్నీ ఒక్క 27,000 మీద పడతాయి. అసలు ఆ 8,000ను మీ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నారు? పాప ఇద్దరి బిడ్డ. ఇద్దరి జీతాలూ కలిపిన 58,000లోంచి తీసి చూడండి, ఉద్యోగం గురించి మీ ఆలోచనే వేరుగా ఉంటుంది.

చేతికి రాని డబ్బు కూడా ఉంది. పీఎఫ్‌కు మీ వాటా నెలకు 1,800, కంపెనీ వాటా ఇంకో 1,800, అందులో 1,250 పెన్షన్ పథకానికి వెళ్తుంది. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్ల నుంచి నెలనెలా పెన్షన్‌కు హక్కు వస్తుంది, మీకు ఏడు అయ్యాయి, ఇంకో మూడేళ్లే. పీఎఫ్ సభ్యురాలిగా ఉద్యోగంలో ఉన్నంతకాలం మీరు పైసా కట్టకుండానే గరిష్ఠంగా 7 లక్షల దాకా బీమా కూడా ఉంటుంది. ఒకసారి పీఎఫ్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి నామినీ ఎవరో చూసుకోండి, పెళ్లికి ముందు నాన్నగారి పేరు రాసి ఉంటే పెళ్లయ్యాక అది చెల్లదు, కొత్తగా ఈ-నామినేషన్ చేయాలి. ఇంకోటి, 50 మంది అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని ఉంచడానికి క్రెష్ ఉండాలని చట్టం చెబుతోంది. మీ కంపెనీలో చిన్నపిల్లల తల్లులు ఇంకా ఉంటారు, నలుగురూ కలిసి హెచ్‌ఆర్ వాళ్లను మర్యాదగా అడగండి.

మీకు నిజంగా ఒళ్లు అలిసిపోయి, పాపతో ఉండాలనిపించి మానేస్తానంటే అది మీ ఇష్టం, దానికి లెక్కలు అడ్డం కాకూడదు. లెక్క చూసి మానేయాలనుకుంటే మాత్రం లెక్క మానొద్దంటోంది. పాపను చూసుకునే ఆమె దగ్గర ఒక్క రూపాయి తగ్గించకండి, వచ్చే దసరాకు చీర పెట్టి, చేతిలో కొంత పెట్టండి. మీ ఇల్లు నడుస్తున్నది ఆమె వల్ల కూడా. దసరా, దీపావళి బళ్లు అమ్ముడుపోయే సీజన్ కాబట్టి మీవారికి అప్పుడు సెలవు దొరకదు, సరే, ఆయన సెలవులు జ్వరాల రోజులకు వాడుకునేలా ఇప్పుడే మాట్లాడుకోండి, ప్రతిసారీ మీ జీతమే కోత పడనక్కర్లేదు. పాకాలలో పాప అవ్వ ఉన్నారన్నారు కదా, సెలవుల్లో నాలుగు రోజులు అక్కడికి పంపితే ఇద్దరికీ సంతోషమే, ఇప్పుడు ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా టికెట్ లేదు కాబట్టి తీసుకెళ్లి దింపి రావడం మీకు ఖర్చు కూడా కాదు.

పిన్నిగారి పాలసీ వద్దు. ఏడాదికి 24,000 అంటే నెలకు 2,000, కార్డు బాకీ ఉన్న ఇంటికి అది భారం, మధ్యలో ఆపేస్తే కట్టింది కూడా పూర్తిగా తిరిగి రాదు. పాపకు కావలసింది తన పేరు మీద పాలసీ కంటే ముందు అమ్మానాన్నల మీద బీమా. మీ ఇద్దరికీ చెరొక టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మనిషికి ఏదైనా జరిగితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా, అవసరం, వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద అదే సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి మునుపటి కంటే తేలిక. పిన్నిగారిని నొప్పించడం ఇష్టం లేకపోతే ఆ టర్మ్ పాలసీ ఆమె దగ్గరే తీసుకుంటామని చెప్పండి, బంధుత్వమూ నిలుస్తుంది, మీకు కావలసిందీ దొరుకుతుంది. కార్డు తీరాక మార్చిలో చేయండి, ఏడాది ప్రీమియం ఎంతవుతుందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

పాప కోసం సుకన్య సమృద్ధి ఖాతా మాత్రం ఇప్పుడే తెరవండి. పదేళ్ల లోపు ఆడపిల్లలకే ఇది. వడ్డీ ప్రస్తుతం 8.2 శాతం, ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర. పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు మొత్తం చేతికొస్తుంది, అంటే పాపకు 25 వచ్చేసరికి. పైచదువుకైతే 18 నిండాక గానీ పదో తరగతి పాసయ్యాక గానీ అంతకు ముందు ఏడాది చివరికి ఉన్న డబ్బులో సగం దాకా తీసుకోవచ్చు. ఇంజినీరింగ్ ఫీజు మొత్తం దీంతోనే కట్టేద్దామనుకుంటే కుదరదు, అది ముందే తెలిసి ఉండడం మంచిది. ఈ ఏడాది 250తో తెరిచి ఊరుకోండి, ఒక నెల ఖర్చు పోగయ్యాక నెలకు 1,000 మొదలుపెట్టండి. పోస్టాఫీసుకు వెళ్లేటప్పుడు పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్, ఫోటోలు పట్టుకెళ్లండి. ఎప్పుడు డబ్బు వేసినా నెలలో 5వ తేదీ లోపు వేయండి, దాటితే ఆ డబ్బు మీద ఆ నెల వడ్డీ రాదు.